చింతగింజల ఇల్లు

మా అవ్వ కాపురం చేసిన ఇల్లు శ్రీశైలం రిజర్వాయర్ నీళ్ళ కింద ఉంది. ఆ ఇంటికి ఒక్క ఫొటో కూడా లేదు. 2025 ఆషాఢంలో, ముహూర్తాలు లేక నాకు పని తగ్గిన రోజుల్లో, ఏఐ టూల్స్‌తో ఆ ఇంటి మీద ఒక షార్ట్ ఫిల్మ్ పూర్తి చేశాను. నిడివి ఆరు నిమిషాల నలభై సెకన్లు. చూసినవాళ్ళు చాలామంది "ఏ టూల్ వాడావు, ప్రాంప్ట్ ఏం రాశావు" అని అడిగారు. ప్రాంప్ట్ అంటే మనకేం కావాలో టూల్‌కు మాటల్లో రాసి ఇచ్చేది. అది కూడా చెప్తాను. కానీ ఈ సినిమా మొదలైంది కంప్యూటర్ దగ్గర కాదు, మా మామ ఇంటి వరండాలో. అక్కడి నుంచే రాస్తాను.

నేను కర్నూలులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. పన్నెండేళ్ళ నుంచి ఇదే పని. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి ఇప్పుడు డావిన్చీ రిజాల్వ్‌లో చేస్తున్నాను. అప్పగింతల దగ్గర ఏ షాట్‌ను ఎంత స్లో చేయాలో, వయొలిన్ ఎక్కడ అందుకోవాలో నా చేతికి అలవాటైపోయింది. మనుషుల కళ్ళలో నీళ్ళు తెప్పించడం నాకు తెలిసిన పనే అనుకున్నాను. ఆ తెలివిలో చాలా భాగాన్ని ఈ సినిమా కోసం పక్కన పెట్టాల్సి వచ్చింది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్ళు మా అవ్వ ఊరిదాకా రావడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1981 వేసవిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డున, తుంగభద్ర ఒడ్డున నూరు దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పటికి అవ్వకు ముప్పై ఏళ్ళు, మామకు పన్నెండు, మా అమ్మకు తొమ్మిది. పదిహేనేళ్ళప్పుడు పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన అవ్వ అందులో ఉన్నది కూడా పదిహేనేళ్ళే. ఇప్పుడున్న కొత్త ఊళ్ళో నలభై నాలుగేళ్ళ నుంచి ఉంటోంది. అయినా అవ్వ "మనిల్లు" అంటే ఆ ఇల్లే. ఇప్పుడున్నదాన్ని "ఈ ఇల్లు" అంటుంది. ఈ తేడా నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ పట్టించుకున్నది ఈ మధ్యే.

డ్యాం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మా మామ పేపరు తెరిస్తే ముందు చూసేది ఆ లెక్కే. నీళ్ళు ఎంత దిగితే ఊరి గుడి దిబ్బ బయటపడుతుందో, ఇంకెంత దిగితే బజారు బయటపడుతుందో మామకు లెక్క తెలుసు. ఏప్రిల్‌లో ఒకరోజు ఫోన్ చేసి "అల్లుడా, ఊరు తేలింది, వస్తావా" అన్నాడు.

మామ బండి మీద వెళ్ళాం. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట నల్లమట్టి బీటలు వారి ఉంది. కొందరు అందులోనే పంట వేశారు. ఇంకాస్త దూరంలో జాలర్ల గుడిసెలు. సంగమేశ్వరం గుడి కూడా ఇలాగే ఏడాదిలో కొన్ని నెలలే బయటికి వస్తుంది. అక్కడి వేపకర్ర శివలింగాన్ని చూడటానికి జనం బారులు తీరుతారు. మా అవ్వ ఊరు బయటపడిన రోజు అక్కడ మామ, నేను, రెండు కొంగలు. గోడలేమీ లేవు. పునాది రాళ్ళు వరసగా ఉన్నాయి. వాటిని బట్టి సందులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. మామ రెండు మూడు చోట్ల నిలబడి, "ఇదే అనుకుంటా" అన్నాడు. పన్నెండేళ్ళప్పుడు వదిలేసిన ఇల్లు కదా, ఖాయంగా చెప్పలేకపోయాడు. ఒకచోట రుబ్బురోలు ఒకటి ఒండ్రులో సగం దిగబడి ఉంది. ఫొటో తీసుకున్నాను.

ఇంటికొచ్చి అవ్వకు ఫోన్‌లో చూపించాను. అవ్వకు కళ్ళు సరిగా ఆనవు. "రోళ్ళన్నీ ఒకతీరుగానే ఉంటాయి నాయనా" అని ఫోన్ తిరిగి ఇచ్చింది. అప్పుడు అడిగాను, "అవ్వా, మనిల్లు ఎట్లుండేది, గీసి చూపిస్తావా?" అని. ముగ్గుపిండి తెచ్చి ఇచ్చాను. ముగ్గుపిండి వద్దని లోపలికి పోయి చేటలో చింతగింజలు తెచ్చుకుంది. వరండా బండల మీద ఒక్కొక్క గింజే పేర్చుకుంటూ పోయింది. ఇది తలవాకిలి. తలవాకిలి దాటగానే కుడిపక్క ఎద్దుల గాడి. ఎడమపక్క అరుగు. లోపల పెద్ద ఇల్లు, దాని మూలకు జొన్నల పాతర. వెనక వంటిల్లు, దాని అవతల పెరడు, పెరట్లో రోలు. అరగంట పట్టింది. ఒకసారి గాడి దగ్గర గింజలు తీసేసి మళ్ళీ కొంచెం ఇవతలికి పేర్చింది.

అంతా అయ్యాక లేచి నిలబడి, "రా, లోపలికి రా" అని నన్ను పిలిచి ముందు తను నడిచింది. తలవాకిలి గింజల దగ్గరికి రాగానే తల వంచింది. అక్కడ ద్వారమూ లేదు, పైన దూలమూ లేదు. నాలుగడుగుల పదంగుళాల మనిషి, మామ ఇంటి ముందు ద్వారం దగ్గర తల వంచాల్సిన పని లేని మనిషి, ఖాళీ గాలి కింద తల వంచి గింజలు తొక్కకుండా లోపలికి పోయింది. తను వంగినట్టు తనకు తెలియదు. నా ఫోన్ కెమెరా ఆన్‌లో ఉంది. ఆ పదకొండు సెకన్లు నా దగ్గర ఉన్నాయి.

ఆ రాత్రే సినిమా చేయాలని నిర్ణయించుకున్నాను. ఆ గింజల మీద గోడలు లేపాలి, మిద్దె వేయాలి, అవ్వకు ఆ ఇంటిని ఒక్కసారి చూపించాలి. అప్పుడు అనుకున్నది అంతే.

ముందు అవ్వ గొంతు రికార్డు చేశాను. పెళ్ళిళ్ళలో పంతులుగారికి పెట్టే కాలర్ మైక్ అవ్వ కొంగుకు పెట్టి, ఫ్యాన్ ఆపి, మూడు రోజులు మాట్లాడించాను. రెండు గంటల నలభై నిమిషాల ఆడియో వచ్చింది. తర్వాత కర్నూలు వచ్చి టూల్స్ ముందు కూర్చున్నాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. వీడియో చేసే ఏఐ టూల్స్ ఇప్పుడు చాలా వచ్చాయి. 2025 మేలో గూగుల్ విడుదల చేసిన వియో 3 లాంటివి బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా కలిపి ఇస్తున్నాయి. నేను చేసినప్పుడు ఎక్కువగా ఒక్కో క్లిప్ ఎనిమిది పది సెకన్లే వచ్చేది. నేను ఒక్కదానితోనే పని చేయలేదు. బొమ్మలకు ఒకటి, బొమ్మను కదిలించడానికి ఇంకొకటి, ఇలా నాలుగు మార్చి మార్చి వాడాను. నేరుగా మాటలతో వీడియో అడగడం కంటే ముందు ఒక బొమ్మ చేసుకుని, అది నచ్చాక దాన్నే మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చి కదిలించమనడం మంచిది. లేకపోతే క్రెడిట్లు, అంటే టూల్ వాడుకోవడానికి డబ్బిచ్చి కొనుక్కునే పాయింట్లు, నీళ్ళలా ఖర్చవుతాయి. ప్రతి క్లిప్పూ చుక్కల గందరగోళం లోంచి కొత్తగా పుడుతుంది. ముందు క్లిప్‌లో గోడ ఏ రంగులో ఉందో, ముసలమ్మ ముక్కుపుడక ఏ వైపు ఉందో తర్వాతి క్లిప్‌కు గుర్తుండదు. అందుకే ప్రతిసారీ అవే రిఫరెన్స్ బొమ్మలు మళ్ళీ ఇవ్వాలి.

"కర్నూలు జిల్లా, 1970లు, కృష్ణ ఒడ్డు పల్లె, మట్టిమిద్దె" అని ఎంత వివరంగా రాసినా మొదటి వారం వచ్చినవన్నీ వేరే ఊళ్ళే. ఒకదాంట్లో ఎర్ర పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, పచ్చటి వరిమడి. ఇంకోదాంట్లో రాజస్థాన్ వాళ్ళ గాగ్రా, చేతినిండా తెల్ల గాజులు. మిద్దె అంటే ఎడారి దేశాల ఇల్లు ఇచ్చింది. గోడ మీద తెలుగులో ఏదో రాసి ఉంది, చదవబోతే ఒక్క అక్షరమూ అక్షరం కాదు. ఈ టూల్స్ నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో ఉన్న బొమ్మల నుంచి. పల్లె అనగానే ఎక్కువమంది ఎక్కించిన పల్లె ఏదో అదే బయటికి వస్తుంది. మా అవ్వ ఊరికి ఒక్క ఫొటో లేకపోవడం అంటే ఏమిటో నాకు ఆ వారంలో బాగా అర్థమైంది. ఖాళీ ఉన్నచోట యంత్రం ఖాళీని ఉంచదు. ఇంకెవరిదో ఇల్లు తెచ్చి అక్కడ పెట్టేస్తుంది. అదీ చాలా అందంగా పెడుతుంది.

అందుకని బండి వేసుకుని తిరిగాను. ముంపులో పోని పాత ఊళ్ళలో మట్టిమిద్దెలు ఇంకా కొన్ని మిగిలాయి. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన కంప, మట్టి, అన్నిటికీ పైన చౌడు. వాన నీళ్ళు దిగకుండా ఏటేటా చౌడు వేస్తారు. మధ్యలో వెలుతురు కోసం మిద్దెకు వదిలే కంత, గవాచి. అలాంటి ఇళ్ళు పదమూడు దొరికాయి. ఇంటివాళ్ళను అడిగి లోపల, బయట, పైన, అన్నీ కలిపి మూడు వందల దాకా ఫొటోలు తీశాను. ఒక ఇంట్లో పెద్దాయన నన్ను మిద్దె ఎక్కించి, గవాచికి కప్పే బండ ఎలా జరుపుతారో జరిపి చూపించాడు. ఆ ఫొటోలు రిఫరెన్స్‌గా ఇచ్చాక గానీ టూల్స్ దారికి రాలేదు.

జూన్ నెలాఖరుకు నాలుగు నిమిషాల మొదటి కట్ తయారైంది. గవాచి లోంచి వెలుగు నేలమీద గుండ్రంగా పడుతుంది. గాడి దగ్గర ఎద్దులు నెమరు వేస్తుంటాయి. పొయ్యి లోంచి పొగ. పడుచుగా ఉన్న అవ్వ రోట్లో పిండి రుబ్బుతుంది. చివర్లో తాత అరుగు మీద కూర్చుని ఇటు తిరిగి నవ్వుతాడు. తాత 2009లో పోయాడు. ఆయనవి మా దగ్గర ఉన్నవి రెండే ఫొటోలు. ఒకటి రేషన్ కార్డుది, ఇంకొకటి పెళ్ళయిన కొత్తలో కర్నూలు స్టూడియోలో అవ్వతో దిగింది, వెనక మెట్లు, పూలకుండీలు గీసిన తెర. ఆ స్టూడియో ఫొటో లోంచే ఇద్దరినీ తీసి కదిలించాను. కింద వేణువు, వయొలిన్ కలిపిన సంగీతం, అది కూడా ఏఐతో చేసిందే. రాత్రి రెండింటికి రెండర్ చేసి చూసుకుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆదివారం మామ ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకుపోయాను. సినిమా చూస్తూ అవ్వ ఏమంటుందో దాచుకుందామని కాలర్ మైక్ మళ్ళీ పెట్టాను. అవ్వ ముఖంలో మార్పు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"యాడిదిరా ఈ ఇల్లు?" అంది.

"మనదే అవ్వా."

"మనది ఇట్లుండదు గదా. గవాచి వెలుగు పొద్దున్నే పొయ్యికాడికి యాడొస్తుంది? పొద్దున గాడి మీద పడుతుంది. మధ్యాన్నానికి నడింట్లోకి వస్తుంది. పొయ్యికాడికి వచ్చేసరికి మీ తాత చేను నుంచి వచ్చే యాళ."

గడియారం లేని ఇంట్లో ఆ గుండ్రటి వెలుగే గడియారం. నేను దాన్ని అందంగా ఉంటుందని పొయ్యి మీద వేశాను. ఎద్దులను చూసి, "మనవి ఇంత తెల్లవి గావు, ఒకదానికి కొమ్ము వంకర" అంది. రుబ్బే షాట్ వచ్చింది. అవ్వ కాసేపు చూసి, "ఎవురీ పాప?" అంది. నువ్వే అన్నాను. "నేను ఎడమచేత్తో రుబ్బుతా గదరా" అంది.

ముప్పై మూడేళ్ళుగా ఆమె చేతి వంట తింటున్నాను. అవ్వ ఎడమచేతి వాటం మనిషని నాకు తెలియదు. అన్నం తినడం, వడ్డించడం కుడిచేత్తోనే. పుట్టింట్లో కొట్టి మాన్పించారట. రోటి దగ్గర మాత్రం మాన్పించలేకపోయారట.

చివరికి తాత వచ్చాడు. అరుగు మీద నుంచి తల తిప్పి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అవ్వ ఏమీ అనలేదు. మళ్ళీ వెయ్యమంది. వేశాను. రెండోసారి చూసి, "ఈయప్ప ఎవరో" అంది. కోపంగా కాదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని అడిగినట్టు అడిగింది. "మీ తాతకు ముందు పన్ను విరిగి ఉండె. నవ్వొస్తే నోటికి టవల్ అడ్డం పెట్టుకుంటాండె. ఆయప్ప పళ్ళు నేనే సరిగ్గా చూల్లేదు."

మామ లేచి బయటికి పోయాడు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ రాత్రి కర్నూలు రాలేదు, అక్కడే మిద్దె మీద పడుకున్నాను. నాకు బాధ కలిగింది సినిమా బాగాలేదన్నందుకు కాదు. తాత పన్ను విరిగిన సంగతి అవ్వకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. మామకు కూడా లేదు. నేను నా సినిమాను ఇంకో పదిసార్లు, పండక్కో పబ్బానికో చూపించి ఉంటే, పళ్ళన్నీ ఉన్న ఆ మనిషే మా పిల్లలకు తాత అయిపోయేవాడు. అవ్వ కూడా కొన్నాళ్ళకు ఎదురుచెప్పడం మానేసేదేమో. ఆ ఆలోచనతో నిద్ర పట్టలేదు. తాత క్లిప్పులు, వాటిని చేయడానికి వాడిన ఫైళ్ళు, అన్నీ ఆ రాత్రే ఫోన్ నుంచి, తెల్లారి కంప్యూటర్ నుంచి తీసేశాను. చనిపోయినవాళ్ళను కదిలించి, మాట్లాడించి ఇమ్మని పెళ్ళివాళ్ళు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు. పెళ్ళికొడుకు చనిపోయిన తండ్రి స్క్రీన్ మీద నుంచి అక్షింతలు వేస్తున్నట్టు కావాలంటారు. అడిగేవాళ్ళ బాధ నిజమైనదే, వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఆ పని నేను ఇక చేయను.

రెండు రోజుల తర్వాత మైక్‌లో ఉన్న ఆడియో కంప్యూటర్‌లోకి ఎక్కించి విన్నాను. అవ్వ సినిమా చూస్తూ అన్న మాటలన్నీ ఉన్నాయి. "గాదు." "ఇట్ల గాదు." "మనకు టెంకాయ చెట్లు యాడివిరా." "గాడి ఇంకా ఇవతలికి." కళ్ళు మూసుకుని వింటే ఆ ఇల్లు నాకు కనపడింది. రెండు నెలల నుంచి నేను తయారుచేసిన ఏ బొమ్మలోనూ కనపడనంత బాగా కనపడింది. ముందు మూడు రోజులు కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు అవ్వ "ఇల్లు పెద్దది, బాగుండె" అని ఊరుకుంది. తప్పు బొమ్మ కళ్ళముందు పెట్టగానే వెలుగు ఏ వేళకు ఎక్కడ పడేదో కూడా చెప్పింది.

సినిమా అప్పుడు దొరికింది. తెర మీద టూల్ ఇచ్చిన ఇల్లు వస్తుంది. అవ్వ గొంతు "గాదు" అంటుంది. బొమ్మ మారుతుంది. పెంకులు పోయి మిద్దె వస్తుంది. మళ్ళీ "గాదు". కొబ్బరిచెట్లు పోయి కంపచెట్లు వస్తాయి. వెలుగు పొయ్యి దగ్గర్నుంచి గాడి మీదికి జరుగుతుంది. మొదటి వారంలో పనికిరావని పక్కన పడేసిన క్లిప్పులన్నీ మళ్ళీ తెరిచాను. మొత్తం నాలుగు వందల పైచిలుకు క్లిప్పులు చేస్తే సినిమాలో ఉన్నవి ముప్పై ఒకటి. వాటిలో ఎక్కువ తప్పు క్లిప్పులే. ఒక్కొక్క "గాదు" తర్వాత ఎంతసేపు ఆగాలి అన్నది మాత్రం నా పన్నెండేళ్ళ ఎడిటింగే చెప్పింది.

ఎడమచేతి షాట్ చాలా ఇబ్బంది పెట్టింది. ఎన్నిసార్లు రాసినా ప్రతి టూల్ కుడిచేత్తోనే రుబ్బించింది. రిజాల్వ్‌లో షాట్‌ను అద్దంలోలా తిప్పేశాను. చేయి ఎడమది అయింది గానీ పైట కుడి భుజం మీదికి పోయింది. చివరికి మనిషి కనపడకుండా రోలు, పొత్రం, ముంజేతులు మాత్రం ఉండేలా దగ్గరి షాట్ చేసి దాన్ని తిప్పాను. అవ్వ ముఖం సినిమాలో ఎక్కడా లేదు. అలా ఉండటమే సరి అని నాకు తర్వాత అనిపించింది.

సంగీతం తీసేశాను. వేణువు వినపడినంతసేపూ అవ్వ దగ్గు వినపడదు. దగ్గు ఉండాలి. ఒక వాక్యంలో అవ్వ మాట సగంలో మింగేసింది. టూల్‌తో ఆమె గొంతు తయారుచేసి ఆ సగం మాట అతికించాను, ఎవరూ కనిపెట్టలేనంత బాగా కుదిరింది. మరుసటి రోజు తీసేసి సగం మాటే ఉంచాను. తాళంలా ఏదైనా ఉండాలనిపించి, అత్త జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు రికార్డు చేశాను. టపటప తట్టడం, మధ్యలో రొట్టె తిప్పడానికి చిన్న ఆగడం, మళ్ళీ టపటప. సినిమా అంతా కింద నడిచేది అదొక్కటే.

ఇక తలుపు. తలవాకిలి తలుపు గురించి అవ్వ చాలా చెప్పింది. రెండు రెక్కలు, వేపచెక్క, ఇనుప గొళ్ళెం, కిందిమూల ఎలుక కొరికితే రేకుముక్క కొట్టారు. టూల్స్ ఇచ్చిన తలుపులు ఏడు చూపించాను. కోటల తలుపులు, నగిషీల తలుపులు. ఏడింటికీ "గాదు" అంది. ఎనిమిదోది చేయడానికి వివరాలు అడుగుతుంటే పక్కన బీడీ కాలుస్తున్న మామ అన్నాడు: "దానికి కంప్యూటర్ ఎందుకు అల్లుడా? మన పెరటి తలుపు ఆ తలుపే గదా."

1981లో ఊరు ఖాళీ చేసేటప్పుడు జనం గోడలను వదిలేసి దూలాలు, దంతెలు, తలుపులు ఊడదీసి బండ్ల మీద తెచ్చుకున్నారు. కొత్త ఊళ్ళో ముందు వాటితోనే ఇల్లు కట్టారు. తర్వాత మామ స్లాబు ఇల్లు వేసినప్పుడు ముందు తలుపు కొత్తది పెట్టి, పాతదాన్ని పెరటికి మార్చాడు. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ తలుపు పట్టుకుని ఊగేవాడిని. లేచి వెళ్ళి చూశాను. కిందిమూల రేకుముక్క ఉంది. టేపు పెట్టి కొలిచాను. నాలుగు అడుగుల ఆరు అంగుళాలు. అవ్వ ఎత్తు కన్నా నాలుగు అంగుళాలు తక్కువ.

తలుపును ఫొటో కూడా తీయలేదు. మైక్ దగ్గర పెట్టి, గొళ్ళెం తీసి, తెరిచి, మూశాను. తెరిచేటప్పుడు సన్నగా మొదలై చివర్లో బొంగురుపోయే చప్పుడు. సినిమా చివరి షాట్‌కు ఏ టూలూ వాడలేదు. ఏప్రిల్‌లో ఫోన్‌తో తీసిన ఆ పదకొండు సెకన్లు వేశాను. వరండా బండలు, చింతగింజలు, అవ్వ తల వంచి లోపలికి పోవడం. దాని కింద ఆ తలుపు తెరుచుకునే చప్పుడు.

సినిమా మొదట్లో నల్ల తెర మీద మూడు వాక్యాలు పెట్టాను: ఇందులోని ఇళ్ళు కంప్యూటర్ తయారుచేసినవి. గొంతు మా అవ్వది. తలుపు చప్పుడు ఆ ఇంటిదే. ఏఐతో చేసిన ప్రతి సినిమాకూ ఇలాంటిది ఉండాలని నా కోరిక.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: రెండు నెలల చందాలు, మధ్యలో కొన్న క్రెడిట్లు కలిపి ఆరు వేల దాకా అయింది. పెట్రోలుకు ఇంకో రెండు వేలు. కంప్యూటర్ నా పాతదే.

ఎడిటింగ్ జరుగుతుండగా జులైలో శ్రీశైలం గేట్లు ఎత్తారు. ఏప్రిల్‌లో మేం నడిచిన పునాదులన్నీ అప్పటికే మునిగాయి.

ఆగస్టు చివర్లో మామ వాళ్ళ కాలనీలో వినాయక చవితి పందిరిలో చూపించాను. ప్రొజెక్టర్ నాదే, తెరకు మామ తెల్ల పంచె. ఆ కాలనీలో ఉన్న పెద్దవాళ్ళంతా ఆ మునిగిన ఊరివాళ్ళే. మొదటి "గాదు" వినపడగానే కొందరు నవ్వారు. మూడో నాలుగో "గాదు" దగ్గర ఒకాయన తెర వైపు వేలు చూపి తను కూడా "గాదు గాదు" అన్నాడు. తలుపు చప్పుడు వచ్చినప్పుడు అవ్వ వెనక్కి తిరిగి పెరటి వైపు చూసింది, ఎవరో లోపలికి వచ్చారేమోనని. తర్వాత మళ్ళీ తెర వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

అయిపోయాక ఎవరూ వెంటనే లేవలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మీ ఇంటి ఎదురుగా వేపచెట్టు ఉండేది, అది ఏదీ అని ఒకామె. వేపచెట్టు మాది, వాళ్ళది కానుగ అని ఇంకొకామె. గుడి నుంచి మీ సందుకు తిరిగేచోట బావి ఉండేది కదా అని ఒక పెద్దాయన. చీకట్లో కాగితం కోసం వెతికి, దొరక్క ఫోన్‌లో రాసుకున్నాను. ఇద్దరు ముగ్గురు మరుసటి రోజు తమ ఇంటికి రమ్మన్నారు. చింతగింజలు ఉన్నాయని చెప్పారు.

ఇంటికి పోయాక అవ్వ అన్నం ముందు కూర్చుని, తినకుండా నన్ను పిలిచింది. సినిమా మధ్యలో నాలుగు సెకన్లపాటు ఏప్రిల్‌లో తీసిన ఆ రోలు ఫొటో ఉంది. ఫోన్‌లో ఆనని అవ్వకు పంచె మీద పెద్దదిగా కనపడింది.

"నాయనా, ఆ రోలు ఎడమ అంచు అరిగిందేమో చూసినావా?"

ఫొటో తెరిచి పెద్దది చేసి చూశాను. ఎడమ అంచు మట్టిలో ఉంది.

"కనపడలేదవ్వా."

అవ్వ మామ వైపు చూసింది. నీళ్ళు మళ్ళీ అక్కడిదాకా దిగాలంటే మార్చి అవుతుందని మామ చెప్పాడు. అప్పుడు పోయేటప్పుడు గుర్తుపెట్టుకుని పార కూడా తీసుకుపోదామన్నాడు.